రాగం దించే చెయ్యి

నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో శివరాత్రి నాటకం. తెల్లవారుజామున మూడు దాటింది. కాటికాపరి వేషంలో ఉన్న హరిశ్చంద్రుడు పద్యం ముగించాడు గానీ రాగం ముగించలేదు. వెనక నుంచి ఈల పడింది. "వన్స్‌మోర్!" అన్నారు. అంతే, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. తెర పక్కన చంద్రమతి లోహితాస్యుణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. చచ్చినట్టు పడుకోవలసిన ఆ కుర్రాడు నిజంగానే నిద్రపోయాడు. ఆమె చెయ్యి మార్చుకుంటోంది.

నేను హరిశ్చంద్రుణ్ణి చూడటం ఎప్పుడో మానేశాను. స్టేజి పక్కన హార్మోనియం పెట్టె ముందు కూర్చున్న మేష్టారి వేళ్లు చూస్తున్నాను.

మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పద్యనాటకం చాలాసార్లు కాంట్రాక్టు మీదే నడుస్తుంది. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు మరో ఊరి నుంచి వస్తారు. రిహార్సలు ఉండదు. పద్యాలు అందరికీ కంఠస్థం కనక ఎవరి ముఖానికి వాళ్లు రంగు వేసుకుని దిగిపోతారు. ఒకే నాటకంలో ఒకటో హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు ఉంటారు, గోడమీది పోస్టరులో ఎవరి ఫొటో పెద్దదన్న తగువుతో సహా. ఇలాంటి జట్టులో ఒకడు మొత్తం రాత్రిని తన గొంతులో వేసుకుందామని చూస్తే ఆపే అధికారం కాగితం మీద ఎవరికీ లేదు. దర్శకుడు ఉండడు. కాంట్రాక్టరు టీ కొట్టు దగ్గర ఉంటాడు. మిగిలింది హార్మోనిస్టు.

కాటి సీను అయితే మరీ కష్టం. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. అందులోకి జాషువా గారి శ్మశాన పద్యాలు వచ్చి చేరాక ఆ సీను గొంతున్న ప్రతివాడికీ మేత అయింది. జనం కూడా వాటి కోసమే నిద్ర ఆపుకుని కూర్చుంటారు. కాబట్టి తప్పంతా నటుడిదే అనడానికి నాకు నోరు రాదు.

మేష్టారి పని సాయంత్రం మేకప్ గదిలోనే మొదలవుతుంది. పెట్టె మీద గుడ్డ తీయకముందే ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి కూర్చుంటారు. "ఏ శ్రుతి బాబూ? ఐదా, ఐదున్నరా? ఈ సీన్లో ఏటేటి పాడతావు, ఏటి ఒగ్గేస్తావు?" అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్నలోనే ఉంది నేర్పంతా. ఏ పద్యం వదులుతాడో అతని నోటితోనే, పక్క వేషగాళ్లు వింటుండగా చెప్పిస్తారు. ఒకసారి చెప్పాక రాత్రి మూడింటికి మాట తప్పడం అంత సులువు కాదు. తప్పేవాళ్లు తప్పుతారనుకోండి.

ఇక పెట్టె మీద ఆయన చేసే పని. నటుడు ఊపిరి తీసుకునే ఖాళీలో హార్మోనిస్టు ఒక సంగతి పలికిస్తాడు. ఆ సంగతిని పంచమం మీదో పై షడ్జమం మీదో నిలబెడితే "ఇంకా పైకి రా" అని పిలిచినట్టు. గొంతు దానంతటదే ఎక్కుతుంది. ఆ రాత్రి మేష్టారు మొదటి పద్యానికి, రెండో పద్యానికి అలాగే పిలిచారు. ఎక్కనిచ్చారు, చప్పట్లు కొట్టించారు. మూడో పద్యం రాగంలో మాత్రం ఖాళీ రాగానే సంగతిని మెట్టు మెట్టు కిందకి తెచ్చి ఆధార షడ్జమం మీద వదిలేశారు. నటుడు మళ్లీ పైకి వెళ్లాడు. ఈయన వెంట వెళ్లలేదు. అదే షడ్జమం, బెలోస్ నెమ్మదిగా నొక్కుతూ, వేలు కదపకుండా. పైన ఒంటరిగా మిగిలిన గొంతు ఎంతసేపు నిలబడుతుంది? రెండు విసుర్లు విసిరి తనే దిగొచ్చింది. అది షడ్జమాన్ని తాకిన క్షణాన తబలా అతను గట్టిగా ఒక్క మోత మోగించాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్యలోనే చంద్రమతి పద్యానికి శ్రుతి వినిపించింది. ఆమె అడుగు పెట్టేసింది.

చూసిన వాళ్లకి హరిశ్చంద్రుడే అద్భుతంగా ముగించినట్టు కనిపించింది. హరిశ్చంద్రుడికీ అలాగే అనిపించి ఉంటుంది.

ఇదే పని మొరటుగా చేసేవాళ్లనీ చూశాను. నడి రాగంలో పెట్టె మూసేసేవాళ్లు ఉన్నారు. పద్యానికి ముందు ఒక మెట్టు ఎక్కువ శ్రుతి ఇచ్చి గొంతు చీలిపోయేలా చేసేవాళ్లు ఉన్నారు. ఆ దెబ్బకి నటుడు దారికి రాడు సరికదా, మర్నాడు మరో ఊళ్లో కక్షతో రెట్టింపు పాడతాడు. మేష్టారు తీసుకునేది సమయాన్ని మాత్రమే, పరువుని కాదు.

ఇలాంటివాడు నాటకాల్లోనే ఉంటాడనుకోకండి. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆదివారాలు నలుగురితో కలిసి బల్ల చుట్టూ కూర్చుని 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' ఆడతాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. ఒక్కొక్కరిది ఒక్కో వేషం. కథ నడిపేవాడు ఒకడుంటాడు, వాణ్ణి డన్జన్ మాస్టర్ అంటారు. పాచికలు ఉంటాయి గానీ పని అంతా మాటలతోనే. వాళ్ల జట్టులో ఒకడు ఎవరి వంతు వచ్చినా తానే మాట్లాడతాడట. "పైగా అడ్డొస్తే 'నా పాత్ర స్వభావమే అంత' అంటాడు మావయ్యా, ఏం చెయ్యను?" అన్నాడు మావాడు.

ఆ సాకు నాటకాల వాళ్లకి బాగా పాతది. నక్షత్రకుడి వేషమే చూడండి. హరిశ్చంద్రుణ్ణి అడుగడుగునా అప్పు కోసం పీడించడమే అతని పని. ఆ పాత్రతో పేరు తెచ్చుకున్న మన సిక్కోలు నటుడు యడ్ల గోపాలరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పీడించేది పాత్రని. ఎదుటి నటుడి పద్యాన్ని కాదు. మంచి నక్షత్రకుడు హరిశ్చంద్రుడి పద్యం ముందు సరిగ్గా మంట రాజేసి, పద్యం ఎత్తుకోగానే నోరు మూసుకుని పక్కకి జరుగుతాడు. చెడ్డవాడు పద్యం మధ్యలో జోకు వేసి ఈల కొట్టించుకుంటాడు. ఇద్దరిదీ ఒకే "పాత్ర స్వభావం" మరి.

రాయబారం కృష్ణుడిగా ఆంధ్రదేశమంతా మోగిన పీసపాటి నరసింహమూర్తి గారూ ఈ నేల మనిషే. రాగం కంటే భావానికి పెద్దపీట వేశారని ఆయన్ని విన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి నటుడి పక్కన హార్మోనిస్టు హాయిగా ఉంటాడు. మేష్టారి చెయ్యి ఎంత గొప్పదో తెలియాలంటే మాత్రం కష్టమైన నటుడే కావాలి.

నాటకం అయ్యాక టీ కొట్టు దగ్గర హరిశ్చంద్రుడు సగం రంగు తుడుచుకున్న ముఖంతో వచ్చాడు.

"మేష్టారూ, మూడో పద్యం తొందరగా దింపేశానేటి?"

"నేదు బాబూ, సరిగ్గా దించినావు," అని ఆయన టీ గ్లాసు అతని చేతికిచ్చారు. "రేపు రాజాం దగ్గిర కదా. రెండో పద్యం దగ్గిర ఇంకొంచెం పైకెల్లు. నాను ఎనకాలే ఉంతాను."