కాయితం ఎక్కడ ఆగింది?

కోయంబత్తూరు ఆవారంపాళయంలో నీళ్ల మోటరు తిరగడం మానేస్తే మెకానిక్ వెంటనే స్పానర్ అందుకోడు. కరెంటు ఎందాకా వచ్చిందో ముందు చూస్తాడు. టెస్ట్ ల్యాంపు మొదట ఫ్యూజు దగ్గర పెడతాడు, తర్వాత స్టార్టరు దగ్గర, ఆఖరికి మోటరు టెర్మినల్ దగ్గర. ల్యాంపు వెలిగిన చోటుకీ వెలగని చోటుకీ మధ్యనే జబ్బు ఉంటుంది. వైండింగ్ కాలిందా, కెపాసిటర్ పోయిందా అన్నది ఆ తర్వాతి మాట. ఆ వర్క్‌షాపు కుర్రాడే పక్కనున్న ఆఫీసు గదిలో ప్రింటరు కాయితం ఇవ్వకపోతే మాత్రం ఏమీ చూడకుండా, "ఫార్మాట్ కొట్టేద్దాం మామా" అంటాడు.

ఇది నాకు మింగుడుపడని సంగతి. ఇలా విడగొట్టి చూసే బుద్ధికి పేరుపడ్డ ఊరు మాది. పీలమేడు, ఆవారంపాళయం, సింగనల్లూరు చుట్టుపక్కల నాయుళ్ల ఇళ్లల్లో ఇవాళ్టికీ తెలుగే మాట్లాడతారు. కరిసల్ అనే నల్లరేగడి నేలలో పత్తి పండించిన కుటుంబాలు జిన్నింగు ఫ్యాక్టరీలకు, మిల్లులకు, అక్కణ్ణుంచి పంపులకు, మోటర్లకు నడిచి వచ్చాయి. 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థ పుట్టిందీ, 1951లో దాని ఇంజనీరింగు కాలేజీ వచ్చిందీ పీలమేడులోనే. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటరుగా పేరున్నదాన్ని 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి చేసింది ఈ ఊళ్లోనే. జి.డి. నాయుడు కుర్రతనంలో ఒక దొర నడుపుకుంటూ వచ్చిన రడ్జ్ మోటారు సైకిలు చూసి, ఊరొచ్చి హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్ని కొని ఏం చేశాడు? నడపడం కన్నా ముందు ఊడదీశాడు. తిరిగి బిగించాడు. ఆయన కథ ఈ ఊరి పిల్లలందరికీ తెలుసు. కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి ఆ కథ ఎవరికీ గుర్తుకు రాదు.

మా బంధువుల చిన్న యూనిట్‌లో పంపు విడిభాగాలు చేస్తారు. బిల్లులు, ఈ-వే బిల్లులు, డెలివరీ చలాన్లు అన్నీ లైనక్స్ మింట్ ఉన్న కంప్యూటర్ల మీదే. మింట్ 21 నుంచి 22కు మార్చిన మర్నాడు ఫోను: "మామా, కొత్తది ఎక్కించినాక ప్రింటరు రాలే. లారీ నిలబడుండాది." ఇలాంటి ఫోనులో నేను మొదట అడిగేది ప్రింటరు గురించి కాదు. నిన్న ఇంకేం మారిందని అడుగుతాను. అప్‌గ్రేడ్ తర్వాత వచ్చిన రోగమంతా అప్‌గ్రేడ్ వల్ల వచ్చినది కాదు. అప్‌గ్రేడ్ రోజు యంత్రాలన్నీ ఆపి తీస్తారు. దుమ్ము దులుపుతారు, రౌటరు ప్లగ్గు పీకి పెడతారు. రౌటరు మళ్లీ లేచినప్పుడు ప్రింటరుకు కొత్త ఐపీ చిరునామా ఇస్తే, కంప్యూటరు మాత్రం పాత చిరునామాకే కాయితాలు పంపుతూ కూర్చుంటుంది. నింద అంతా మింట్ మీద పడుతుంది.

కాయితం నడిచే దారి తెలిస్తే టెస్ట్ ల్యాంపు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ప్రింట్ బటన్ నొక్కగానే పని కప్స్ అనే వ్యవస్థ చేతికి వెళ్తుంది. అది క్యూలో పెడుతుంది. తర్వాత ఫిల్టర్లు ఆ పీడీఎఫ్‌ను ప్రింటరుకు అర్థమయ్యే రూపంలోకి మారుస్తాయి. ఆ తర్వాత బ్యాకెండ్ అనే చిన్న ప్రోగ్రాము నెట్‌వర్కు మీదుగా దాన్ని మోసుకెళ్తుంది: ఐపీపీ అనే ప్రింటింగు పద్ధతి అయితే 631వ పోర్టు, పాత పద్ధతి అయితే 9100. ఆఖరిది ప్రింటరు సొంత బుర్ర. ఇంతే. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ 631 అని కొడితే క్యూల స్థితి కనిపిస్తుంది. టెర్మినల్‌లో ఎల్‌పీస్టాట్ అడిగినా చెబుతుంది. క్యూ ఆగి ఉంటే ఆగి ఉందనే రాస్తుంది. ఒకసారి దెబ్బతిని ఆగిన క్యూ కొన్ని అమరికల్లో కారణం పోయినా తనంతట తాను లేవదు. మనమే లేపాలి. దానికి ఫార్మాట్ అక్కర్లేదు, ఒక్క క్లిక్కు చాలు.

ఆ రోజు క్యూ బాగానే ఉంది. పని వెళ్లిందని కప్స్ అంటోంది. పింగ్ కొడితే ప్రింటరు పలుకుతోంది. అంటే కాయితం ఆఖరి గుమ్మం దాకా చేరింది. "మిషను మీద లైటు ఏమంటుందిరా?" అన్నాను. "పచ్చది కాదు మామా, కాషాయం కలరు. మిణుకుతా ఉండాది." ట్రేలో కాయితం నిండుగా ఉంది. ఇక వేరే పరీక్ష అక్కర్లేకపోయింది. కంప్యూటరు లెటర్ సైజు కాయితం అడుగుతోంది, ట్రేలో ఉన్నది ఏ4. అమెరికా లెటరు 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన ఏ4 210 వెడల్పు, 297 పొడవు. మనవాళ్లు లైనక్స్ ఎక్కించేటప్పుడు భాష దగ్గర చటుక్కున మొదట కనబడిన అమెరికా ఇంగ్లీషే నొక్కేస్తారు. పాత క్యూలో ఎవరో ఎప్పుడో ఏ4 అని చేత్తో పెట్టి ఉంటారు. అప్‌గ్రేడ్ తర్వాత కొత్తగా పుట్టిన క్యూ ఆ భాష అమరికను చూసి కాయితం కొలత తీసుకుంటుంది. లేని లెటరు కాయితం కోసం ప్రింటరు ఓపిగ్గా ఎదురుచూస్తుంది. నెట్‌వర్కు జబ్బని మనం కేబుళ్లు మారుస్తూ ఉంటాం. ఆగిన పనులు రద్దు చేసి, ఏ4 అని మార్చి మళ్లీ పంపగానే నిన్నటి చలాన్లతో సహా వరసగా దిగాయి. లారీ కదిలింది.

కొత్త క్యూ ఎందుకు పుట్టిందన్నదే అసలు సంగతి. ప్రింటింగు ప్రపంచంలో కొన్నేళ్లుగా జరుగుతున్న పెద్ద మార్పు ఇదే, మన వీధి షాపుల్లో దీని గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఇదివరకు ప్రతి ప్రింటరుకూ ఒక డ్రైవరు ఉండేది. 2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చాక దారి మారింది. ప్రింటరే నెట్‌వర్కులో తన ఉనికిని చాటుకుంటుంది, తనకేం వచ్చో తానే చెబుతుంది, కంప్యూటరు డ్రైవరు లేకుండానే పని పంపుతుంది. ఐపీపీ ఎవ్రీవేర్ కూడా అదే పద్ధతి. లైనక్స్‌లో ఈ చాటింపు వినేది అవాహి అనే సేవ, 5353వ పోర్టు మీద. అందుకే అప్‌గ్రేడ్ చేసిన కంప్యూటరులో పాత డ్రైవరుతో ఉన్న క్యూ ఒకటి, కొత్తగా దానంతటదే వచ్చిన క్యూ ఇంకొకటి, ఒకే ప్రింటరు రెండు మూడు పేర్లతో కనబడుతుంది. ఉద్యోగి పైనున్నదేదో నొక్కుతాడు. సగం రోజులు కాయితం వస్తుంది, సగం రోజులు రాదు. ఇంతకన్నా చిరాకుపెట్టే రోగం లేదు. అనవసరమైన పేర్లు తీసేసి ఒకదాన్నే ఉంచి, దానికి ఏ4 కట్టబెట్టి, డిఫాల్టు చేసేయడం మేలు.

అసలు పేరే కనబడకపోతే జబ్బు వేరు. చాటింపు ఒకే నెట్‌వర్కు లోపలే వినిపిస్తుంది, గోడ దాటదు. ఆఫీసు కంప్యూటరు ఒక వైఫైలో, ప్రింటరు అతిథుల కోసం పెట్టిన ఇంకో వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనిపించవు. కొత్తగా మొదలైన ఫైర్‌వాల్ 5353ను మూసేసినా అంతే. 2024 సెప్టెంబరులో సిమోన్ మార్గరిటెల్లి అనే ఇటలీ పరిశోధకుడు కప్స్-బ్రౌజ్డ్ అనే సేవలో భద్రతా లోపం బయటపెట్టాడు. బయటివాళ్లు పంపిన దొంగ ప్రింటరు సమాచారాన్ని కూడా అది నమ్మేస్తుందని చూపించాడు. దాంతో చాలామంది ఆ సేవనే ఆపేశారు, ఆపినందుకు తప్పుపట్టలేం. కానీ దాని మీద ఆధారపడి కనబడే ప్రింటర్లు మాయమయ్యాయి. అలాంటప్పుడు నేను చాటింపు మీద ఆశ పెట్టుకోను. రౌటరులో ప్రింటరుకు ఒక స్థిరమైన చిరునామా కేటాయించి, ఆ చిరునామాతో చేత్తో క్యూ చేస్తాను. పాత పద్ధతే, అయినా బిల్లులు కొట్టే చోట నాకు ఇదే నచ్చుతుంది.

ఈ కప్స్ చరిత్ర కూడా చూడదగ్గదే. మైకేల్ స్వీట్ అనే అమెరికన్ మొదలుపెట్టాడు, 1999లో విడుదలైంది. 2007లో ఆపిల్ ఆయన్నీ, కోడ్‌నూ తనవైపు తీసుకుంది. 2019 చివర ఆయన ఆపిల్ వదిలాక, ఓపెన్‌ప్రింటింగ్ అనే స్వచ్ఛంద బృందం ఆ బాధ్యత ఎత్తుకుంది. అక్కడ టిల్ కాంపెటర్ అనే జర్మన్ ఏళ్ల తరబడి ఈ పని మోస్తున్నాడు. అసలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఒక విత్తనం ప్రింటరే. 1980 ప్రాంతంలో ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్, కొత్తగా వచ్చిన జిరాక్స్ లేజరు ప్రింటరులో కాయితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా చేద్దామనుకున్నాడు. పాత ప్రింటరుకు అలాగే చేసి ఉన్నాడు. కొత్తదాని కోడ్ మాత్రం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. 1983లో ఆయన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ ఉక్రోషం ఉంది. నాకు ఈ కథలో నచ్చేది కోపం కాదు, కాయితం ఎక్కడ ఇరుక్కుందో తెలియాలన్న పట్టుదల.

ఇక మధుర నుంచి వచ్చిన ఇంకో ప్రశ్న. అక్కడి తెలుగు ఇంకా పాతది. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన పాలన, తిరుమల నాయకుడి మహలు, విజయరంగ చొక్కనాథుడి కాలంలో వెలిసిన తెలుగు వచనం. ఇవన్నీ పుస్తకాల్లో పదిలంగా ఉన్నాయి. వీధుల్లో మాత్రం తెలుగు నోటిలోనే ఉంది, అక్షరంలో లేదు. మా చుట్టాలబ్బాయి టౌన్ హాల్ రోడ్డు దగ్గర చిన్న డీటీపీ షాపు నడుపుతాడు. నాతో తెలుగులో మాట్లాడతాడు, చదవడం తమిళమే వచ్చు. లైనక్స్ వాడతాడు. "చిన్నాయనా, కల్యాణ పత్రికలో తెలుగు పేజీ వచ్చింది. పాత సిస్టమ్‌లో బాగుండె, ఇప్పుడు అచ్చులో అంతా డబ్బాలు. అది తప్పా ఒప్పా అని నాకెట్లా తెలిసేది?" అన్నాడు.

ప్రింటరు ఇచ్చింది సరైనదో కాదో చెప్పడానికి అతని దగ్గర కొలబద్ద లేదు. తెరమీద తెలుగు బాగుండి అచ్చులో డబ్బాలొస్తే కారణం సాధారణంగా ఫాంటు. పీడీఎఫ్‌లో ఫాంటు పొదగకపోతే, ఫిల్టరు తన దగ్గర ఉన్న వేరే ఫాంటుతో నింపుతుంది. అందులో తెలుగు లేకపోతే డబ్బా. కొత్త వ్యవస్థలో పాత తెలుగు ఫాంటు ప్యాకేజీ జారిపోతే ఇదే జరుగుతుంది. లోహిత్ తెలుగు, పోతన, నోటో తెలుగు వీటిలో ఒకటి ఎక్కించుకుని, ఫాంటు పొదిగి పీడీఎఫ్ పంపమని పత్రిక తయారు చేసినవాళ్లను అడిగితే సరిపోతుంది. అను ఫాంటుల్లో కొట్టిన పాత ఫైలు వస్తే మాత్రం ఆ ఫాంటు లేని చోట తెలుగు కాదు, పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అది ప్రింటరు గొడవే కాదు, ఫైలు తిప్పి పంపాలి. ఇంకా తేల్చలేకపోతే ప్రింట్ సంభాషణలో బొమ్మగా ముద్రించే ఎంపిక ఉంటే అది పెట్టమన్నాను. కాస్త నెమ్మది, కానీ తెరమీద కనబడినట్టే వస్తుంది. ఈ జాగ్రత్తలన్నీ అతనికి రాసి పంపాను, తెలుగు మాటల్లో, తమిళ లిపిలో. అతను దాన్ని ప్రింటరు మీద అంటించుకున్నాడు. కొన్ని ధ్వనులకు తమిళ లిపిలో సరైన అక్షరం లేదు. 'ఫ', 'బ' రెండూ 'ప'గానే ఉన్నాయి. అతనికి అదేం అడ్డంకి కాలేదు.

మిగిలింది డాట్ మ్యాట్రిక్స్. మా బంధువుల యూనిట్‌లో చలాన్లు మూడు కార్బన్ కాపీలు కావాలి. లేజరు దానికి పనికిరాదు. పిన్నులు తగిలి అచ్చుపడే ఆ గోలగోల యంత్రమే గతి. టీవీఎస్ పేరున్న డాట్ మ్యాట్రిక్స్‌లు ఈ ప్రాంతపు ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. 1911లో మధురలో బస్సులతో మొదలైన పేరు అది. వీటికి నెట్‌వర్కులో చాటింపు వేసే తెలివి లేదు. వీటి కోసం కప్స్‌లో ముడి క్యూలు వాడతాం, ఫిల్టర్ల జోలికి పోకుండా అక్షరాలను నేరుగా పంపేస్తాం. ఆ క్యూ చేసేటప్పుడు ఇవి పాతబడ్డాయి, ముందు వచ్చే కప్స్‌లో పనిచేయవు అని హెచ్చరిక వస్తుంది. అది చూసి కుర్రాడు ప్రింటరు కొత్తది కొందామన్నాడు.

నేను ఒప్పుకోలేదు. కప్స్ 3 పాత డ్రైవర్లను తీసేయబోతున్నది నిజమే, కానీ ఓపెన్‌ప్రింటింగ్ వాళ్లే దానికి ప్రింటర్ అప్లికేషన్ అనే దారి పెట్టారు. పాత డ్రైవరును లోపల దాచుకుని, బయటికి అది కొత్త తరహా ఐపీపీ ప్రింటరులా కనబడుతుంది. ఇప్పటికైతే హెచ్చరిక ఉన్నా క్యూ నడుస్తోంది. ఇంకో ఇబ్బంది నిన్ననే బయటపడింది. స్టోరు గదిలో ఇంకో డాట్ మ్యాట్రిక్స్ పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరుకు తగిలించి షేరు చేసి ఉంది. ఎక్స్‌పీకి తెలిసింది విండోస్ షేరింగు భాష అయిన ఎస్ఎంబీలో ఒకటో వెర్షనే. భద్రత కోసం, లైనక్స్‌లో ఆ భాష మాట్లాడే సాంబా 2019లో 4.11తో దాన్ని డిఫాల్టుగా మూసేసింది. ఆ గదికి కాయితం పంపేది ఇన్నాళ్లూ అప్‌గ్రేడ్ మొహం చూడని ఒక పాత లైనక్స్ డబ్బా. అది కూడా ఇప్పుడే మింట్ 22కు దూకింది, అందుకే ఇప్పుడు కనబడింది. మూసిన తలుపు తిరిగి తెరవగలం, కానీ ఇంటర్‌నెట్ ఉన్న నెట్‌వర్కులో ఎక్స్‌పీ కోసం ఆ పని నేను చేయను. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు తెచ్చి, ఆ ప్రింటరును యూఎస్‌బీతో దానికే తగిలించి, కప్స్ ద్వారా అందరికీ పంచుదామన్నాను. ఆ ఎక్స్‌పీ యంత్రాన్ని నెట్‌వర్కు నుంచి తప్పించొచ్చు.

కుర్రాడు వెంటనే గాంధీపురం వెళ్లి తెచ్చేస్తానన్నాడు. ముందు ఆ ప్రింటరు ఎర్రర్ లాగ్‌లో ఏముందో చదివి నాకు చెప్పు, తర్వాత పోదువు అన్నాను. రాత్రి మూడు పేజీల లాగ్ పంపాడు. అందులో ఒక్క వరుస కింద ఎర్ర గీత గీసి, "ఇక్కడ ఆగింది మామా" అని రాశాడు. ఆ వరుస సరైనదే.