మాయపొర మీద నాట్లు

దక్షిణ అండమాన్‌లో ఫెరార్గంజ్ దాటి మడ అడవుల వైపు వెళ్తే, పోటునీరు తీసిపోయిన వేళ, బురదలో నిటారుగా దిగబడిన పచ్చటి మొలకలు కనిపిస్తాయి. ఈ మడ చెట్టు విత్తనం నేల తగిలేదాకా ఆగదు. తల్లికొమ్మ మీదే మొలకెత్తి, మొక్కగా జారిపడుతుంది. వేళ్ల అల్లికలో చిక్కిన ఒండ్రు దానికి పట్టునిస్తుంది. ఆ ఒండ్రు లేకపోతే మొలక అలల పాలే. ఎంత జీవమున్న మొలకకైనా ఆనుకోవడానికి ఒక ఒడి కావాలి. ఈ మాట నాకు ఇంతకన్నా అందంగా చెప్పింది, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రూపుదిద్దుకున్న ఒక శస్త్రచికిత్స. వైద్యులు దాన్ని స్లెట్ అంటారు. నేను దాన్ని కావ్యంలా చదువుకుంటాను.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట చీరకు జరీలా సన్నటి అంచు ఉంటుంది. నల్లగుడ్డును కప్పే కంటి అద్దం మీది పొరను బతికినన్నాళ్లూ కొత్తగా నేసే మూలకణాల ఇల్లు అదే. ఆ అద్దంలో ఒక్క రక్తనాళం కూడా ఉండదు. ఉంటే వెలుగుకు అడ్డం. వక్కతోటల మధ్య బతికే మాకు సున్నం తాంబూలానికి రంగిచ్చే చుట్టం. అదే సున్నం ప్యాకెట్ పిల్లల చేతుల్లో చిట్లి కంట్లో పడితే ఆ జరీ అంచు కాలిపోతుంది. నేత ఆగిపోతుంది. తెల్లగుడ్డు మీది పొర నెత్తుటి నాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. 2004 సునామీ వేళ దక్షిణ అండమాన్ నేల కుంగి, వరిమళ్లలోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. కాలిన కన్ను నాకు అలాంటి మడిలా తోస్తుంది.

ఇప్పుడు చికిత్స చూడండి. బాగున్న రెండో కంటి అంచు నుంచి అటూ ఇటూ 2 మిల్లీమీటర్లుండే నలుసును తీస్తారు. బియ్యపు నూకంత. దెబ్బతిన్న కంటి మీద పాకిన పొరను ఒలిచి, మాయపొర పరిచి, ఫైబ్రిన్ జిగురుతో అంటిస్తారు. ఆ నూకను 8 నుంచి 10 తునకలు చేసి ఆ పొర మీద వలయంగా నాటుతారు. నడుమ చూపు నడిచే దారిని మాత్రం ఖాళీగా వదిలేస్తారు. నాకు అన్నిటికన్నా ఇష్టం ఆ ఖాళీయే. ముగ్గు పెట్టే చేతికి ఎక్కడ చుక్క పెట్టాలో తెలిసినట్టే ఎక్కడ పెట్టకూడదో కూడా తెలుసు. పనితనం పరీక్షకు నిలిచేది అక్కడే.

ఆ మాయపొర ఎక్కడిదో తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. సిజేరియన్ కాన్పులో, తల్లి అనుమతితో తీసుకున్న మాయలోని లోపలి పొర అది. నెలల తరబడి ఉమ్మనీటిలో బిడ్డను చుట్టుకుని ఉన్నది. మన ఊళ్లలో మాయను గొయ్యి తీసి పాతిపెట్టేవారు. ఇక్కడ పరీక్షలు చేసి, శుభ్రపరిచి, గడ్డకట్టే చలిలో భద్రపరుస్తారు. దానిలోనూ రక్తనాళాలు లేవు. వాపును తగ్గిస్తుంది, మచ్చ కట్టనివ్వదు, కణాలు పాకడానికి నున్నటి నేలవుతుంది.

ఇటలీ వైద్యులు 1997లోనే ప్రయోగశాలలో పెంచిన అంచు కణాలను కంటికి అతికించి చూపారు. హైదరాబాదులో 2001 నుంచి వాటిని మాయపొర మీద సుమారు రెండు వారాలు పెంచి కంటికి మార్చారు. నారుమడి పోసి నాట్లు వేయడమన్న మాట. దానికి ప్రత్యేకమైన ప్రయోగశాల కావాలి, ఖర్చూ ఎక్కువే. 2012లో వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు, షీలా మెక్‌నీల్, దొరైరాజన్ బాలసుబ్రమణియన్ ప్రకటించిన పద్ధతిలో నారుమడే లేదు. కన్నే మడి. మొదటి ఆరుగురి కళ్లూ 6 వారాల్లో నాళాలు లేని నున్నటి పొర కట్టాయి. 2016లో 125 కళ్ల ఫలితాలు వెలువడ్డాయి. 76 శాతం కళ్లలో నాటు నిలిచింది. నిలవని కళ్ల బాధనూ ఈ లెక్కలో కలిపే చదవాలి. అయినా ఇంత సరళంగా ఇంత ఫలం చూస్తే, అక్కర్లేనిది తీసేయడమే శిల్పమన్న నమ్మకం గట్టిపడుతుంది.

ఆ సంస్థకు స్థలమిచ్చిన ఎల్.వి. ప్రసాద్ ‘మిస్సమ్మ’ దర్శకుడు. తెర మీద వెలుగుతో జీవితమంతా పనిచేసిన మనిషి పేరున, వెలుగు చేరే మొదటి తెరనే బాగుచేసే విద్య పండింది.

చివరి అందం ఇంకా మిగిలే ఉంది. పద్యం మనసులో పండాక గణాలు చెవిలో మోగవు. అలాగే తునకల నుంచి కణాలు పాకి, ఒకదాన్నొకటి కలుసుకుని కన్నంతా పరుచుకున్నాక, మాయపొర మెల్లగా కరిగిపోతుంది. మొదటిసారి బిడ్డకు దారి ఇచ్చి తప్పుకున్నది, రెండోసారి వెలుగుకు దారి ఇచ్చి తప్పుకుంటుంది.