కలంబూరు శివరామమూర్తిగారు – తెలుగునేల శిల్పము: ఒక విమర్శ

మ్యూజియమునకు డైరెక్టరైనవారి జీవితమును వ్రాయువారు ఆయన ఏ యేట ఏ పదవి వహించెనో, ఏ బిరుదము నందెనో చెప్పి తృప్తిపడుచుందురు. కలంబూరు శివరామమూర్తి (1909–1983) గారి విషయమున అట్టి పట్టిక దీర్ఘమైనదే. చెన్నపురి ప్రభుత్వ మ్యూజియమున పురావస్తుశాఖకు క్యూరేటరు. పిమ్మట కేంద్ర పురావస్తుశాఖ పక్షమున కలకత్తా ఇండియన్ మ్యూజియమున ఉద్యోగము. తుదకు ఢిల్లీ నేషనల్ మ్యూజియమునకు డైరెక్టరు. 1968లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్. కాని తెలుగువారు ఆయనను కొలువవలసిన కొలబద్ద వేరొకటి కలదు. అది చెన్నపురి మ్యూజియం బులెటినులలో వెలువడిన మూడు సంపుటములు: అమరావతి శిల్పములను గూర్చి 1942లో, తొలి తూర్పు చాళుక్య శిల్పమును గూర్చి 1957లో, నొలంబ శిల్పములను గూర్చి 1964లో. మూడింటను మన నేల రాళ్ళే విషయము. వ్రాసినవారు తమిళదేశపు సంస్కృత పండితులు. వ్రాసిన భాష ఆంగ్లము.

అమరావతి రాళ్ళ కథ మన పాఠకులు ఎరిగినదే. మెకంజీ చూచెను, 1845లో ఇలియట్ త్రవ్వించెను, కొన్ని లండను చేరినవి, కొన్ని చెన్నపురిలో నిలిచినవి. 1887లో బర్జెస్ పెద్ద గ్రంథమే ప్రకటించెను. అయినను చెన్నపురిలోని శిల్పములలో ఏది ముందు, ఏది వెనుక అను వరుసను శాసనముల లిపితోను శైలితోను సరిపోల్చి నిలిపిన ఘనత శివరామమూర్తిగారిది. క్రీ.పూ. 200–100 నడుమ మొదటి దశ, సుమారు క్రీ.శ. 100లో రెండవది, 150లో మూడవది, 200–250 నడుమ నాలుగవది అని ఆయన విభజించిరి. తరువాతి వారు ఈ కాలనిర్ణయమును కదల్చిరి. 1954లో డగ్లస్ బారెట్ లండను శిల్పములను పరిశీలించి వేరు మాట చెప్పెను. కాని కాదనుటకైనను ముందొక వరుస ఉండవలెను గదా!

ఆ గ్రంథమున నన్ను మిక్కిలి ఆకర్షించినవి ఆయన తమ చేతితో గీసిన రేఖాచిత్రములు. తలపాగలు, కంఠహారములు, వీణలు, బండ్లు, ఆసనములు ఒక్కొక్కటే రాతినుండి విడదీసి కాగితముపై పెట్టిరి. ఛాయాచిత్రము తీయువాడు రాతిని ఒక నిమిషము చూచును. గీయువాడు గంటసేపు చూడక తప్పదు. ఆ చూపే ఆయన పాండిత్యమునకు ప్రాణము.

ఆయన పద్ధతి కావ్యమును, శిల్పమును పక్కపక్కన పెట్టి చదువుట. చెన్నపురిలోని నలగిరి ఫలకము చూడుడు. గుండ్రని రాతిలో ఒకే ఏనుగు రెండుమారులు కనిపించును: ఒకచోట మదించి జనమును త్రొక్కుచున్నది, మరియొకచోట బుద్ధుని ముందు మోకరిల్లినది. మేడ కిటికీలనుండి జనము తొంగిచూచుచున్నారు. కిటికీలకు మూగిన పురస్త్రీలను అశ్వఘోషుడును కాళిదాసును వర్ణించినారు. ఆ కావ్యములను ఎరిగినవాని కన్ను ఈ కిటికీలమీద ఎక్కువసేపు నిలుచును. కలముకు, ఉలికి ఒకే సంస్కారము మూలమను ఈ సూత్రమును ఆయన 1955 నాటి ‘సంస్కృత సాహిత్యము–కళ’ అను ఆంగ్ల గ్రంథమున విస్తరించిరి.

ఈ బలమునందే ఒక లోపమును కలదు. అమరావతి రాళ్ళ భాష సంస్కృతము కాదు, ప్రాకృతము. దాతలలో గృహపతులు, వర్తకులు, భిక్షుణులు ఉన్నారు. విధికుడను చర్మకారుడు తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కూడి పూర్ణఘట ఫలకమును సమర్పించెను. శివరామమూర్తిగారు ఈ శాసనములను శ్రద్ధతో పఠించి, అనువదించి ఇచ్చిరి. ఆ విషయమున ఆక్షేపణ లేదు. కాని శిల్పమునకు అర్థము చెప్పు వేళ ఆయన చేయి కావ్యములవైపే పోవును. రాతికి వెలయిచ్చిన చర్మకారుడు పట్టికలో నిలిచిపోయెను, కవి వ్యాఖ్యలోనికి వచ్చెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అమరావతి రాతిపై ‘నాగబు’ అను తెనుగుమాటను గుర్తించిన తరువాత, ఆ స్తూపము చుట్టు తిరిగిన జనుల నోటి భాష యేదియను ప్రశ్న మనకు తప్పదు. సంస్కృత కావ్యము ఒక్కటే దానికి ప్రత్యుత్తర మీయజాలదు.

బెజవాడ, బిక్కవోలు శిల్పములకు సంబంధించిన 1957 సంపుటము చిన్నది, అక్కడ నిలువను. నొలంబ సంపుటము మాత్రము మనకు ఇంటి పుస్తకము. నొలంబుల రాజధాని హేమావతి నేటి ఆంధ్రదేశపు అనంతపుర ప్రాంతమున నున్నది. వారి శాసనములు మన పొరుగున ధర్మపురిలోను కలవు. అనగా బాగలూరు, హోసూరు, కృష్ణగిరి సీమ ఆ శిల్పులకు పరదేశము కాదు. ‘ఇచ్చటి తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు’ అను మాట వినుచు పెరిగిన పిల్లలకు, కన్నడ శాసనములు వేయించి, నేటి తెలుగు, తమిళ సీమలు రెండింటను పాలించిన ఒక వంశపు శిల్పమును చూపుట వాదముకంటె మేలు.

ఢిల్లీ దశలో ఆయన పేరు దేశమంతట వ్యాపించెను. 1974లో నటరాజును గూర్చిన మహాగ్రంథము వెలువడెను. అది విజ్ఞానభాండారమే, కాని అందు సేకరణ ఎక్కువ, తీర్పు తక్కువ. ప్రతి ఉదాహరణమును చేర్చవలెనను ఆతురత పుటపుటను కనిపించును. 1942లో ఒక గదిలోని రాళ్ళకు కట్టుబడిన యువ క్యూరేటరు తీర్పు చెప్పక తప్పినది కాదు; దేశమంతయు తన ముంగిట నిలిచిన డైరెక్టరునకు ఆ నిర్బంధము లేకపోయెను. ఆయన మ్యూజియం సేవలో చెన్నపురి భాగమునే ఉత్తమమందును.

2006 నాటి చట్టము తరువాత మా తరగతులలో పిల్లలు తమిళమును తప్పనిసరిగా నేర్చుచున్నారు, అది మంచిదే. అందువలన ఎగ్మూరు మ్యూజియమున తమిళ ఫలకమును వారు చదువగలరు. నొలంబ సంపుటమునందలి శిల్పవర్ణనములను మాత్రము తెలుగున సంగ్రహించి, పై తరగతుల పిల్లలకు చాలునంత చిన్న పుస్తకముగా మన సంఘము ప్రకటింపవలెనని కోరుచున్నాను. హేమావతి స్తంభములతో ఆరంభించిన చాలును.