మూడోసారి లేచి వచ్చిన పిల్లవాడు

టీనేజీ పిల్లల్ని విశ్వాసంలో నడిపించడం ఎలాగని ఎవరైనా అడిగితే, ముందు సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం తీయమంటాను. షిలోహు మందిరంలో పిల్లవాడు పడుకుని ఉన్నాడు. పేరు పెట్టి ఎవరో పిలిచారు. ముసలి యాజకుడు ఏలీయే అనుకుని పరుగెత్తాడు. నేను కాదు, వెళ్ళి పడుకోమన్నాడు ఏలీ. మళ్ళీ అదే జరిగింది. మూడోసారి వచ్చాక గాని ఆ పెద్దాయనకు సంగతి అర్థం కాలేదు. అప్పుడాయన చేసిన పని నాకెంతో ఇష్టం. తాను లేచి వెంట వెళ్ళలేదు. దేవుడు ఏం చెప్పబోతున్నాడో ముందే వివరించనూ లేదు. ఈసారి పిలుపు వస్తే ఎలా బదులు పలకాలో నేర్పి, పిల్లవాణ్ణి ఒంటరిగానే తిరిగి పంపాడు. శిష్యత్వంలో పెద్దల వంతు పని అంతా ఆ కాస్తలోనే ఉందని నా నమ్మకం.

సమూయేలుకు అప్పుడు పన్నెండేళ్ళని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. మన దగ్గరైతే సండే స్కూల్ దాటి యూత్ మీటింగ్‌లో అడుగుపెట్టే వయసు.

తెలుగు సంఘాల్లో చిన్నపిల్లలకు నేర్పడంలో లోటేమీ లేదు. వేసవిలో వీబీఎస్, కంఠత వాక్యాల పోటీలు, బైబిల్ క్విజ్, క్రిస్మస్‌కు నాటిక. పదేళ్ళ పిల్ల 66 పుస్తకాల పేర్లూ గడగడా అప్పజెప్పేస్తుంది. అవన్నీ కావాల్సినవే. పదో తరగతి అయ్యాకే చిక్కంతా. విజయవాడకో హైదరాబాదుకో రెసిడెన్షియల్ కాలేజీలకు పోతారు. చాలాచోట్ల ఆదివారం కూడా పరీక్షలే. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చర్చిలో వెనక వరుసలో కూర్చుంటారు. మార్కులెన్ని వస్తున్నాయని పెద్దలు అడుగుతారు, ప్రార్థన చేసుకోమంటారు, అక్కడితో సరి. ఆ వయసులోనే కదా మనసులో ప్రశ్నలు మొదలయ్యేది!

మా యూత్‌లో ఇంటర్ చదివే అబ్బాయి ఒకడున్నాడు. ఆరాధన ముగిశాక ప్లాస్టిక్ కుర్చీలు సర్దడం వాడి పని. ఒక ఆదివారం కుర్చీ మీద కుర్చీ పేరుస్తూ, నా వైపు చూడకుండానే అడిగాడు: “అన్నా, నాయనమ్మ కోసం అందరం ఉపవాసముండి ప్రార్థన చేశాం కదా. మరి ఎందుకు చనిపోయింది?” ఆదరణ కూడికలో అందరూ చెప్పే జవాబులు వాడు అప్పటికే వినేసి ఉన్నాడు. మిగిలిన కుర్చీలు ఇద్దరం సర్దాం. తర్వాత మెట్ల మీద కూర్చుని 88వ కీర్తన తీశాం. మొరపెట్టి మొరపెట్టి చివరికి చీకటి దగ్గరే ఆగిపోయే కీర్తన అది. ఇలాంటి కీర్తనలు చాలావరకు ఆఖరున స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. వాడే చదివాడు. అయిపోయాక ఇంకా ఉందేమోనని పేజీలో కిందికి వెతికాడు. అక్కడ 89 మొదలైంది.

“ఇట్లాంటిది కూడా బైబిల్లో ఉందా అన్నా?”

ఉందిరా అన్నాను. ఆ తర్వాతి ప్రార్థన కూడికలో వాడంతట వాడే నోరు తెరిచాడు. నాయనమ్మ పేరెత్తి, కోపం దాచుకోకుండా దేవుణ్ణి అడిగాడు. పెద్దలు కొందరు ఇబ్బందిగా కదిలారు. నాకు మాత్రం కడుపు నిండినట్టయింది. వాడు అడగాల్సిన చోటే అడుగుతున్నాడు.

షిలోహు కథలో తెల్లవారిన తర్వాతి భాగం మనం పిల్లలకు పెద్దగా చెప్పం. రాత్రి సమూయేలు విన్నది ఏలీ ఇంటి మీద తీర్పు. చెప్పడానికి భయపడ్డాడు. ఏమీ దాచవద్దని ఏలీయే పట్టుబట్టి చెప్పించుకున్నాడు, విని తలవంచాడు. కొడుకుల్ని అదుపులో పెట్టలేకపోయిన తండ్రే, కానీ ఆ పొద్దున మాత్రం గొప్ప గురువు. మాలో మీకు నచ్చనిదేమిటని మేమూ పిల్లల్ని అడిగాం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అమ్మాయి లేచి, “మేం మీతో చెప్పుకున్నవి ప్రార్థన విన్నపాలని మైకులో చదవకండి” అంది. ఇప్పుడు ఆ పిల్లలనే అడిగి, వాళ్ళు సరేనంటేనే విన్నపాల్లో చేరుస్తున్నాం.

అలాగని ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకూడదు. ఎవరైనా తనతో తప్పుగా ప్రవర్తించారని పిల్ల చెబితే, దాన్ని సంఘ పరువు పేరుతో కప్పిపెట్టడం పాపం, నేరం కూడా. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు వాళ్ళ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన వాళ్ళెవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. ప్రాణానికో ఒంటికో ముప్పు ఉన్న మాటైతే దాచనని మొదటిరోజే చెప్పేయాలి. కలిసేది నలుగురి కంటపడే చోట, అమ్మానాన్నలకు తెలిసేలా. ఆడపిల్లలతో అక్కలే కూర్చోవాలి. పౌలు కంటే ముందే తిమోతికి విశ్వాసం నేర్పింది ఇంట్లోని అమ్మమ్మ లోయి, తల్లి యునీకే. ఇంటికి తెలియకుండా పిల్లల్ని తనవైపు తిప్పుకునే పెద్దమనిషిని నేను నమ్మను.

ఇక జారిపోయిన పిల్లల సంగతి. మార్కు అనే కుర్రాడు మొదటి సువార్త ప్రయాణంలో పౌలునూ బర్నబానూ పంఫూలియ దగ్గరే వదిలేసి ఇంటికెళ్ళిపోయాడు. రెండోసారి బయల్దేరేటప్పుడు అతను వద్దేవద్దన్నాడు పౌలు. బర్నబా వినలేదు. ఇద్దరికీ తీవ్రంగా మాటపట్టింపు వచ్చి దారులు వేరయ్యాయి. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కాడు. చివరి రోజుల్లో తిమోతికి రాసిన ఉత్తరంలో, మార్కు పరిచర్యకు పనికొస్తాడు, వెంటబెట్టుకు రమ్మని కోరింది అదే పౌలు.

క్రమశిక్షణ పేరుతో మా క్వయర్‌లోంచి తీసేసిన కుర్రాడు ఒకడున్నాడు, తబలా వాయించేవాడు. అతని తప్పు చిన్నదని నేననను. కానీ ఆ తర్వాత పెద్దలెవరూ అతని గడప తొక్కలేదు. ఈమధ్య యూత్‌లోని పెద్దపిల్లలే ఇద్దరు వెళ్ళి, వాళ్ళమ్మ పెట్టిన టీ తాగి, క్రికెట్ మాట్లాడి వచ్చారు. చర్చికి రమ్మని మాత్రం అడగలేదట. అతనింకా రాలేదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వెళ్తామంటున్నారు.