ప్యాకా, పెట్టెనా: పాత చేతి రేడియోకు రెండు మరమ్మతులు

ఐకామ్ ఐసీ-2ఏటీ 1980ల నాటి హ్యామ్ చేతి రేడియో. తలమీది చిన్న చక్రాలు తిప్పి ఫ్రీక్వెన్సీ పెట్టుకోవాలి. ప్రసారశక్తి ఒకటిన్నర వాట్లు. ఇప్పటికీ సర్క్యూట్ చెక్కుచెదరనివి చాలానే దొరుకుతాయి. ముందు చచ్చేది అడుగున జారించి తగిలించే బీపీ-3 ప్యాక్: 7 నికెల్-కాడ్మియం సెల్లు, 8.4 వోల్టులు, 250 మిల్లీ ఆంపియర్-అవర్లు. రేడియోను మళ్లీ పలికించే దారులు రెండు. ఆ ప్యాక్ విప్పి కొత్త సెల్లు కూర్చడం ఒకటి. అదే కంపెనీ విడిగా అమ్మిన, 6 పెన్సిల్ సెల్లు పట్టే బీపీ-4 ఖాళీ పెట్టె తగిలించడం రెండోది.

పనితనం మొదటిదానిలోనే ఎక్కువ. అతుకు వెంట ప్లాస్టిక్‌ను ఓపికగా విడదీయాలి. సెల్లు కారి ఉంటే రాగి రేకుల మీద పచ్చటి చిలుము కనబడుతుంది. ఆ క్షారాన్ని వెనిగర్‌తో విరిచి శుభ్రంగా తుడవాలి. కొత్తవాటికి ముందే రేకులు అతికించి ఉండాలి. సెల్ ఒంటికే టంకం పెడితే ఆ వేడికి లోపలి పొర, సీలు దెబ్బతింటాయి. ఏడూ ఒకే రకం, ఒకే వయసువి కావాలి. ఒక్కటి బలహీనమైనా, మిగతా ఆరూ దాని ధ్రువాలు తిరగబడేలా చేసి చంపేస్తాయి. ఇంత చేస్తే రేడియోకు తన 8.4 వోల్టులూ, తన రూపమూ తిరిగొస్తాయి. రోజూ చార్జరుకు తగిలించి వాడేవారికి ఇదే సుఖం.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పాత చార్జరుకు సెల్లు మారిన సంగతి తెలియదు. 250 సామర్థ్యానికి పదోవంతు లెక్కన 25 మిల్లీ ఆంపియర్లిచ్చే చార్జరు, చార్జింగ్‌లో పోయే నష్టం కలుపుకుని పాత ప్యాక్‌ను 14 గంటల్లో నింపేది. 600 సామర్థ్యమున్న నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు పెడితే అదే చార్జరుకు 33 గంటలు దాటుతుంది. సెల్లు పెద్దవైన కొద్దీ నిరీక్షణా పెరుగుతుంది.

పెట్టెలో ఆ బాధ లేదు. సెల్లు బయటికి తీసి, వాటికి తగిన చార్జరులో వేసుకోవచ్చు. దాని లోపం వేరు: ఆరు రీచార్జబుల్ సెల్లు కలిపితే 7.2 వోల్టులే. శక్తి రమారమి వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది గనుక సుమారు నాలుగోవంతు తగ్గవచ్చు. వినడానికి పెద్ద నష్టంలా ఉంది. కానీ ఒకటిన్నర వాట్లు ఒకటీ పాతికకు దిగువకు పడినా, అవతల వినేవారి చెవికి తేడా దాదాపు అందదు. ఆల్కలైన్ సెల్లు వేస్తే 9 వోల్టులు, కొరతే లేదు. వాటిని మాత్రం చార్జ్ చేయకూడదు, వాడనప్పుడు లోపల వదిలేయకూడదు.

2005కు ముందైతే నేను ప్యాక్‌నే మెచ్చుకునేవాణ్ణి. అప్పటి నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు సొరుగులో కొన్ని నెలలుంటే చాలు, వాటంతట అవే ఖాళీ అయ్యేవి. ఆ ఏడు సాన్యో తెచ్చిన ఎనలూప్ సెల్ ఏడాది తర్వాత కూడా చార్జులో ఎక్కువ భాగం నిలుపుకుంది. పెట్టె తలరాత అక్కడే మారింది. పెట్టెను మాత్రం ఎవరూ మార్చలేదు.

నా దృష్టిలో అసలు భేదం ఇదే. ప్యాక్ ఒక రసాయనాన్ని నమ్ముకుంది, పెట్టె ఒక కొలతను నమ్ముకుంది. రసాయనం పాతబడింది. కాడ్మియం విషమని లోకం దాన్ని వదిలించుకుంటోంది. పెన్సిల్ సెల్ కొలత మాత్రం అలాగే ఉంది. కొత్తగా ఏ సెల్ వచ్చినా ఆ కొలతలో, దాదాపు అదే వోల్టేజీతో వస్తే చాలు, పెట్టె దానికి చోటిస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రాత్రి, ఎంత అందంగా కూర్చిన ప్యాకయినా ఖాళీ అయిందంటే కరెంటు వచ్చేదాకా ఎదురుచూడాలి. పెట్టెకు వీధి చివరి కిరాణా కొట్టు చాలు. అందుకే రోజువారీ మాటలకు ప్యాక్ బాగుచేసుకోండి, కాదనను. ఒక్కటే ఉంచుకోవాల్సి వస్తే మాత్రం పెట్టెను ఉంచుకోండి. తీసేసిన ఏడు కాడ్మియం సెల్లను చెత్తబుట్టలో వేయకండి, బ్యాటరీ వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. అప్పుడే మరమ్మతు పూర్తయినట్టు.