శిశుపోషణము - తల్లి : ఒక సిద్ధాంత విమర్శ

పసిబిడ్డను తల్లి పెంచు తీరు ఆమె స్వభావమునే అనుసరించి యుండునని మనలో చాలమంది తలంతురు. బిడ్డ ఏడ్చినచో తల్లికి ఎత్తుకొనుట చేతకాదందురు. చిక్కినచో తల్లి చూడలేదందురు. ఈ నిందకు శాస్త్రదృష్టితో సమాధానము చెప్పినవారిలో అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు జే బెల్‌స్కీ ముఖ్యుడు. 1984లో ఆయన ప్రకటించిన సిద్ధాంతము, పిల్లలను హింసించుటకును ఉపేక్షించుటకును గల కారణములను వెదకిన పరిశోధనలనుండి పుట్టినది. పెంపకమును నిర్ణయించునవి మూడని ఆయన మతము: తల్లిదండ్రుల మానసిక సంపత్తి, బిడ్డ స్వభావము, పరిసరములు కలిగించు ఒత్తిడియు ఆదరువును. పరిసరములనగా దాంపత్యము, బంధుమిత్రవర్గము, జీవనోపాధి. మానసిక సంపత్తి చెడకున్నచో పెంపకము మిక్కిలి భద్రమనియు, బిడ్డ స్వభావమొక్కటే అనుకూలముగా మిగిలినచో ఆ భద్రత మిక్కిలి తక్కువయనియు ఆయన నిర్ణయించెను.

తల్లిని తప్పు పట్టుటకు ముందు ఆమె చుట్టును చూడుడని చెప్పినందుకు ఈ సిద్ధాంతము మెచ్చదగినది. కాని ఆ వరుసను మాత్రము నేను అంగీకరింపజాలను.

షోలాపురములోని మన పద్మశాలి కుటుంబముల స్త్రీలు ఎందరో ఇంటిపట్టుననే బీడీలు చుట్టుచు సంసారములు నడిపిరి; నేటికిని నడుపుచున్నారు. వారి కూలి గంటలనుబట్టి కాదు, లెక్కనుబట్టి. ఒడిలో చేట, ప్రక్కన బిడ్డ. బిడ్డ ఏడ్చిన చేయి ఆగును. చేయి ఆగిన లెక్క తగ్గును. పొగాకు దుమ్ము అంటిన చేతులతోనే బిడ్డను ఎత్తుకొనవలెను. అట్టి తల్లి ఎత్తుకొనుటకు కొంత ఆలస్యము చేసినచో అది ఆమె మనస్సు గుణమా, కూలి పద్ధతి గుణమా? బెల్‌స్కీ పటములో ఉపాధికి చోటు లేకపోలేదు. కాని మానసిక సంపత్తి తరువాతి పీటయే దానికి దక్కినది. పరిసరములు మనస్సును కూడ మార్చునని ఆయనయే ఒప్పుకొనెను. ఒప్పుకొన్న పిమ్మట రెండింటిని వేరుచేసి తూచుట యెట్లు?

మనస్సును కొలుచుటలో మరియొక చిక్కు కలదు. మేరీ ఎయిన్స్‌వర్త్ 1954-55లో ఉగాండాలో 26 మంది తల్లులను, 28 మంది శిశువులను పరిశీలించి, 1967లో గ్రంథము ప్రకటించెను. ఓపికతో ఇండ్లకు వెళ్లి కన్నులార చూచి వ్రాసిన ఆ గ్రంథము గౌరవింపదగినది. తన బిడ్డనుగూర్చి వివరముగా, ఉత్సాహముగా చెప్పగల తల్లుల బిడ్డలే తల్లియందు నిశ్చింతగా నుండిరని ఆమె కనుగొనెను. మన యిండ్లలో ఈ కొలత నిలుచునా? వచ్చినవారి యెదుట బిడ్డను పొగడిన దిష్టి తగులునని వెరచి, బుగ్గను నల్లచుక్క పెట్టి, “ఏమున్నది, సన్నముగా నున్నాడు” అని మాట మార్చు కోడలు ఆ పరీక్షలో ఓడిపోవును. పూర్వము బిడ్డలు దక్కనివారు పుట్టినవానికి పెంటయ్య, పుల్లయ్య అని పేరిడుటయు ఈ భయముచేతనే. అది ప్రేమ కొరత కాదు, ప్రేమ దాచుకొన్న చోటు.

ఈ భయము నిరాధారమైనది కాదు. భారతదేశమున 1971లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది యేడాది నిండకయే మరణించిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గినది. కెన్యాలోని గుసీ తల్లులను పరిశీలించిన రాబర్ట్ లెవైన్, బిడ్డ బ్రదుకుటయే సందేహమైన చోట తల్లి మొదటి చింత ప్రాణరక్షణమే యగునని వాదించెను. గుసీ తల్లి బిడ్డ ఏడ్చిన వెంటనే ఊరడించును, ముచ్చట్లు మాత్రము తక్కువ. బెల్‌స్కీ పటములో మృత్యుభయమునకు గడి లేదు. ఇది చిన్న లోపము కాదు.

ఇక ఆదరువు మాట. తొలికాన్పుకు పుట్టింటికి పంపుట మనవారిలో బెంగుళూరు మొదలు బరంపురము వరకు గల ఆచారమే. రాత్రి బిడ్డను మరియొకరు ఎత్తుకొనుటచే బాలింత నిద్రించును. ఇప్పుడు ఆ పుట్టింటి తల్లియే ఉద్యోగమునకు పోవు చోట్ల ఆ నిద్ర ఎవరిచ్చెదరు? అత్తగారింట నున్నచో మరియొక తీరు. అత్తగారు బిడ్డను ఎత్తుకొని జోకొట్టును. ఆ నోటనే పాలు చాలలేదనియు అనును. ఆమెను ఆదరువు క్రింద వ్రాయవలెనా, ఒత్తిడి క్రిందనా? మన సంఘములవారు ఎవరైన బాలింతల యిండ్లు తిరిగి ఈ పరిశోధనకు పూనుకొన్నచో, ఆ రెండు గడులను విడదీయక ఒక్కటిగా గీసికొని బయలుదేరవలెను.