‘రక్తంలోనే ఉంది’ అనే మాట

ఒక యువ రచయిత్రి తన పన్నెండు కథల రాతప్రతి నా చేతికిచ్చి, మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పమంది. ఆమె మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత ఆ రాళ్ళగుట్టల మధ్య పుట్టిన కొత్త జీవితమే ఆ కథల వస్తువు. భాష బాగుంది. పరిశీలన ఉంది. రెండు కథల దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఈ వ్యాసం ఆ రెండు కథల గురించి. వాటి వెనక మన సాహిత్యంలో పాతుకుపోయిన ఒక భావం గురించి. ఆ భావాన్ని ఎదుర్కోవడంలో నావంటి విమర్శకులు చేసిన పొరపాటు గురించి కూడా.

మొదటి కథలో ఒక మేనేజరున్నాడు. ఎంత చిక్కు ప్రోగ్రామైనా చూడగానే విప్పేస్తాడు. కారణం? వాళ్ళ తాత కరణం. “లెక్క వాళ్ళ డి.ఎన్.ఏ.లోనే ఉంది” అంటుంది రచయిత్రి. అదే ఆఫీసులో గదులు తుడిచే మనిషి కూతురు బీజగణితంలో దిట్ట. ఆ పిల్లను మాత్రం “మట్టిలో మాణిక్యం” అంటుంది.

ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. కరణంగారి మనవడికి తెలివుంటే అది వారసత్వం. పనిమనిషి కూతురికి తెలివుంటే అది విడ్డూరం. కరణంగారి ఇంట్లో మూడు తరాలుగా కాగితం, కలం, భూమి, తీరిక ఉన్నాయన్న సంగతి కథలోకి రాలేదు. ఆ పిల్ల చదువుకోవడానికి ఇంట్లో ఎవరు దీపం కింద చోటిచ్చారో కూడా రాలేదు. గూడెంలో పెరిగినవాడు రాజసం ఒలకబోసి, చివరి అధ్యాయంలో జమీందారు బిడ్డగా తేలే కథలు మనం ఎన్ని చదవలేదు, ఎన్ని తెరమీద చూడలేదు? అక్కడ ‘రక్తం’ అన్నారు, ఇక్కడ ‘డి.ఎన్.ఏ.’ అంటున్నారు. మాట మాత్రమే మారింది.

జన్యుశాస్త్రం నిజంగా ఆ మాట అంటుందా? ఒకే వరి వంగడాన్ని కాలవ కింద ఒక మడిలోనూ, నీరందని మెట్టలో ఇంకో మడిలోనూ వేసి, పంటలో తేడా విత్తనానిదే అంటే రైతు నవ్వుతాడు. ఒకే మడిలో రెండు వంగడాలు వేసినప్పుడు విత్తనానికి తేడాయే లేదంటే కూడా నవ్వుతాడు. మనిషి ప్రవర్తన వరికంటే చాలా జటిలం. తెలివి వంటి గుణాల మీద వేలాది జన్యు భేదాలు తలా కొంచెం ప్రభావం చూపుతాయి. ఆ ప్రభావమైనా తిండితో, బడితో, భయంతో, ఆదరణతో కలిసే పనిచేస్తుంది. పరిణామక్రమం మనిషికిచ్చిన గొప్ప ఆస్తి నేర్చుకోగల మెదడు. మాట నేర్చే శక్తి ప్రతి బిడ్డకూ పుట్టుకతో వస్తుంది. ఏ మాట నేర్చేదీ పుట్టుకతో రాదు. మేస్త్రీ పనికి వలసపోయిన పాలమూరు కూలీ బిడ్డ పుణెలో మరాఠీ పిల్లల మధ్య పెరిగితే మరాఠీ మాట్లాడుతుంది. ఇందులో జీవశాస్త్రమూ ఉంది, సమాజమూ ఉంది.

ఈ రాతప్రతిని నేను మెట్రోలో చదివాను. హైటెక్ సిటీలో ఎక్కి ఉప్పల్‌లో దిగే లోపల హబ్సిగూడ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే సి.సి.ఎం.బి. ఉంది. మన రచయితలు ‘డి.ఎన్.ఏ.’ అని ఊరికే వాడేస్తున్న పదార్థం మీద అక్కడ దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఆ సంస్థకు చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్‌లు హార్వర్డ్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. 25 సముదాయాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించారు. అగ్రవర్ణాలైనా, దళితులైనా, ఆదివాసులైనా ఈ నేల మీద దాదాపు అందరూ రెండు ప్రాచీన జనసమూహాల కలయిక నుంచి వచ్చినవారే, పాళ్ళలోనే హెచ్చుతగ్గులు. 2013లో వచ్చిన మరో పరిశోధన ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ క్రితం వరకూ సాగిందని లెక్కగట్టింది. ఆ తర్వాత గోడలు లేచాయి. పెళ్ళిళ్ళు కులంలోపలే జరిగాయి.

ఆ గోడ జన్యువుల్లో ఏం రాసింది? గొప్పతనాన్ని రాయలేదు, జబ్బులను రాసింది. మన వైశ్య సముదాయం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. మత్తుమందుతో పాటు కండరాలు సడలడానికిచ్చే ఒక మందును విరగగొట్టే ఎంజైము లోపం వారిలో ఇతరులకంటే చాలా ఎక్కువ. ఆ లోపమున్న మనిషికి ఆపరేషన్ బల్ల మీద ఊపిరి తిరిగి అందడం ఆలస్యమవుతుంది. తప్పు ఆ సముదాయానిది కాదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, బయటి పెళ్ళి లేక మిగిలిన ఏ సముదాయానికైనా ఇటువంటిదేదో ఉండవచ్చు. 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన పరిశోధన దక్షిణాసియాలో అటువంటివి 81 ఉన్నాయని చూపింది. మేనరికం కుటుంబంలో చేసే పనినే ఇటువంటిచోట కులం వేల ఏళ్ళుగా చేస్తూ వచ్చింది.

రెండో కథ మేనరికం కథే. గచ్చిబౌలిలో కాపురమున్న భార్యాభర్తలు. ఆమె అతని అక్క కూతురు. బిడ్డకు పుట్టుకతో జబ్బు. అత్తగారంటే అమ్మమ్మే, అయినా ఆ అమ్మమ్మ నోటినుంచే “నీ కడుపు మంచిది కాదే” అన్న మాట వస్తుంది. బలమైన ఘట్టం. కాని రచయిత్రి ముగింపులో ‘విధి’ అనేసి చేతులు దులుపుకుంది. అటువంటి జబ్బు చాలాసార్లు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు చేరితేనే వస్తుంది. ఇద్దరూ మోసేవాళ్ళయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. నింద ఒక్క కడుపు మీదే ఎందుకు పడింది? కథ అడగవలసిన ప్రశ్న అది. ఇక్కడ అనువంశికతను గురించి తెలియడం ఆ ఆడమనిషి పక్షాన నిలబడటమే.

ఇక నా పొరపాటు. 1980లలో ఒక పెద్ద రచయిత, తరతరాలుగా మతిచలనం వస్తున్న కుటుంబం మీద ఒక కథ చదివాడు. సభలో లేచి, “ఇది అభివృద్ధి నిరోధక కథ, మనిషిని పరిసరాలే తయారుచేస్తాయి” అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆయన ఆ కథను సంపుటిలో చేర్చలేదు. ఆయన ఇప్పుడు లేడు. జబ్బు కంటే ఆ కుటుంబాన్ని ఊరు వెలివేసిన తీరే ఆ కథలో అసలు విషయమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

లైసెంకో పేరు మీద సోవియట్ భూమిలో జన్యుశాస్త్రాన్ని అణచివేసినప్పుడు, వావిలోవ్ వంటి శాస్త్రజ్ఞుడు 1943లో జైల్లో చనిపోయినప్పుడు ఏం జరిగిందో మనం తీరిగ్గా చదవలేదు. హాల్డేన్ కమ్యూనిస్టు, జన్యుశాస్త్రజ్ఞుడు. చాలాకాలం తటపటాయించినా చివరికి ఆ విషయం మీద పార్టీకి దూరమయ్యాడు, అన్యాయాన్ని ఖండించడం మాత్రం మానలేదు. 1957లో ఈ దేశం వచ్చాడు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు 1960లలోనే మన మేనరికాలను అధ్యయనం చేశాడు. 1964లో మరణించిన హాల్డేన్, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకోసం ఇమ్మని రాసిపెట్టాడు. మనకు ఇంత దగ్గరికి వచ్చిన మనిషి నుంచి మనం నేర్చుకున్నది తక్కువ.

రచయిత్రికి రెండే మాటలు చెప్పాను. మేనేజరు ఇంట్లో ఏమేం ఉన్నాయో రాయి. అత్తగారి మాటకు జవాబు విధి చేతికివ్వకు. “అత్తగారికి జన్యువుల పాఠం చెప్పించమంటారా సార్?” అని అడిగింది. వద్దన్నాను. ఆ మాటప్పుడు భర్త ఎక్కడున్నాడో, ఎందుకు నోరు మెదపలేదో రాస్తే చాలునన్నాను. తిరగరాస్తోంది.

నేను చేయవలసింది మరొకటుంది. ఆ పాత కథ ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఈ పత్రికకు పంపమని కోరుతున్నాను. అచ్చువేద్దాం, ఆనాడు నేనన్న మాటలతో సహా.